ఒక వాయుసేనాధిపతి జీవితం, ఒక కాకినాడ ముద్రణశాల పనితనం

కాకినాడ మెయిన్ రోడ్డు వెనుక వీధిలో ఉన్న ఒక డిజిటల్ ప్రింటింగ్ దుకాణంలో మా కోనసీమ గ్రంథాలయ పాఠకుల బృందం ఒక ప్రదర్శనకు కావలసిన పలకలన్నీ చేయించింది. ప్రదర్శనకు తీసుకున్న విషయం భారత వాయుసేనకు 10వ అధిపతిగా పనిచేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ జీవితం, ఉద్యోగ ప్రస్థానం. సందర్భం అక్టోబరు 8న జరిగే వాయుసేన దినోత్సవం. ఇలాంటి పని చేయించుకోదలచిన గ్రంథాలయాలకూ, బడులకూ, మాజీ సైనికుల సంఘాలకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మంచితో పాటు చెడు కూడా చెప్పవలసి వస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముద్రణలో వారికి వంక పెట్టడానికి లేదు. డిజైను విషయంలో పక్కన కూర్చుని చెప్పి చేయించుకోవలసి వచ్చింది. అచ్చుకు పంపే ముందు సరిచూసే పద్ధతి మాత్రం వారి దగ్గర బొత్తిగా లేదు. ఒక సైనికాధికారి జీవితాన్ని గోడకెక్కించే పనిలో ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం.

డెల్టాలో ప్రింటింగ్ దుకాణాలకు కొదవ లేదు. రావులపాలెం, అమలాపురం, రాజోలు, రామచంద్రపురం, ఏ ఊరికి వెళ్లినా బస్టాండు చుట్టుపక్కల ఫ్లెక్సీ దుకాణాలు కనిపిస్తాయి. పుట్టినరోజులు, ఓణీల వేడుకలు, అమ్మవారి జాతరలు, నాయకుల పర్యటనలు, వర్ధంతులు, ఇలా ఏడాది పొడవునా వారికి చేతినిండా పనే. ఆ పనిలో వారి వేగం మెచ్చుకోదగినది. సాయంత్రం ఫోటో ఇస్తే తెల్లారేసరికి కూడలిలో కట్టి ఉంటుంది. అయితే ఫ్లెక్సీకి దాని నియమాలు దానికున్నాయి: ముఖం పెద్దదిగా ఉండాలి, రంగులు దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించాలి, ఎక్కడా ఖాళీ జాగా మిగలకూడదు, బిరుదు ఎంత పెద్దదైతే అంత మంచిది. పాఠకుడు రెండడుగుల దూరంలో నిలబడి నింపాదిగా చదువుకోవలసిన పలకకు ఈ నియమాలలో ఒక్కటీ పనికిరాదు. అందుకే సన్‌బోర్డు అనే తేలికపాటి అట్ట మీద, బొమ్మ ముద్రించిన వినైల్ పొర అతికించి, పైన మెరుపు లేని మ్యాట్ లామినేషన్ వేసి ఇచ్చే దుకాణం కోసం వాకబు చేసి కాకినాడ వెళ్లాం.

లతీఫ్ గోదావరి వారు కారు. 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదువుకుని, వాయుసేనలో చేరి, 18 ఏళ్ల వయసులో 1942 జనవరి 26న అధికారిగా నియామకం పొందారు. మన జిల్లాలకూ ఆయనకూ సంబంధమేమిటని మా బృందంలోనే కొందరు అడిగారు. అందుకని మొదటి పలకను ఒక తేదీ చుట్టూ అల్లాం. ఆయన నియామకం జరిగిన 70 రోజులకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ రేవు మీద కూడా బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి చొరబడిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. లతీఫ్ తొలి ఉద్యోగం ఇందుకు ఎదుటి తీరంలో, కరాచీలోని తీరరక్షణ దళంలో. వాపిటి, హార్ట్, ఆడాక్స్ వంటి జంట రెక్కల పాతకాలపు విమానాలలో అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల కోసం గస్తీ తిరగడం ఆ దళం పని. అలాంటి తీరరక్షణ దళమే ఒకటి విశాఖలోనూ ఉండేది. రెండు తీరాలనూ ఒకే పటం మీద చూపించి, ఒకవైపు కరాచీ, మరొకవైపు కాకినాడ గుర్తించాం.

ఈ పటం ముద్రణలో దుకాణం వారి సత్తా తెలిసింది. సముద్రానికి వేసిన పలచని నీలం ఎక్కడా మరకలు కట్టకుండా పరుచుకుంది. కోరంగి, ఉప్పాడ వంటి పేర్లు చీమ తలకాయంత అక్షరాలలో ఉన్నా ఒత్తులు కలిసిపోలేదు. కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రాడు జగన్నాథపురం వాడట. పటం చూడగానే, "మా తాతమ్మ ఈ బాంబుల సంగతే చెప్పేదండీ, పిల్లల్నేసుకుని మెట్ట ఊళ్లకి పోయేరంట" అన్నాడు. ప్రదర్శనలో కూడా కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దలు ఈ పలక దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

చిక్కు రెండో పలకతో మొదలైంది. 1943-44 ప్రాంతంలో శిక్షణ కోసం ఇంగ్లండు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో లతీఫ్ ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడపడం నేర్చుకుని వచ్చి, బర్మా యుద్ధంలో, ఆ దేశపు పశ్చిమ తీరాన ఉన్న అరకాన్ రంగంలో హరికేన్ నడిపారు. ఆ పలకకు మేము ఇచ్చిన నలుపు తెలుపు బొమ్మకు డిజైనరు తనంతట తానే రంగులద్ది, రెక్క మీద ఉండే గుండ్రటి గుర్తుకు బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల పచ్చ వేశాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ మూడు రంగుల గుర్తు 1950 నుంచి వచ్చినది. యుద్ధం నాటికి మన వాయుసేన విమానాల మీద ఉన్నది బ్రిటిష్ గుర్తు. దాని నడుమ ఎర్రచుక్క ఉండేది. జపాన్ విమానాల మీది ఎర్రటి సూర్యబింబమని పొరబడి సొంత సైన్యమే కాల్చే ప్రమాదం ఉన్నందున, భారత, బర్మా రంగాలలో ఆ ఎరుపును తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. స్వాతంత్ర్యం వచ్చాక కొంతకాలం తెల్లని వలయంలో నీలి అశోకచక్రం ఉండి, ఆ పిమ్మట ఇప్పటి మూడు రంగులు వచ్చాయి. కాబట్టి బొమ్మలో రూపాయి బిళ్లంత ఉన్న ఆ గుర్తు రంగు మారిస్తే, 21 ఏళ్ల కుర్ర అధికారి ఏ జెండా కింద, ఏ శత్రువు మీదికి, ఎవరి తుపాకులకు కూడా జాగ్రత్తపడుతూ ఎగిరాడన్నది మొత్తం మారిపోతుంది. ఈ సంగతి విడమరిచి చెబితే డిజైనరు నొచ్చుకోలేదు. "దేశభక్తిగా ఉంటాదని వేసేనండి, తీసేద్దాం" అని, అక్కడే కూర్చుని నీలం రంగులోకి మార్చాడు. పనివాళ్ల సుముఖత విషయంలో ఈ దుకాణానికి పూర్తి మార్కులు వేయవచ్చు.

దేశ విభజన పలక చిన్నది, నాకు అన్నిటికన్నా నచ్చినది కూడా. తమతో పాటు పాకిస్తాన్ వాయుసేనలోకి రమ్మని సహచరులైన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ లతీఫ్‌ను పిలిచారు. ఆయన వెళ్లలేదు. పిలిచిన ఇద్దరూ కాలక్రమంలో ఒకరి తరవాత ఒకరు పాకిస్తాన్ వాయుసేనాధిపతులయ్యారు; రానన్న ఆయన 1978లో ఇక్కడ అధిపతి అయ్యారు, ఆ పదవికి వచ్చిన తొలి ముస్లిం కూడా ఆయనే. ఇంతకు మించి ఆ పలక మీద మాటలు వద్దనుకున్నాం. ఖాళీగా ఉన్న చోట ఏదైనా పువ్వో జెండానో వేద్దామని డిజైనరు ఒకటికి రెండుసార్లు అడిగినా, వద్దంటే మానేశాడు.

దాని పక్కనే 1950 జనవరి 26 పలక ఉంటుంది. గణతంత్రం ఏర్పడిన ఆ రోజున ఢిల్లీ ఆకాశంలో సాగిన విమానాల బారుకు నాయకత్వం వహించినది స్క్వాడ్రన్ లీడర్ లతీఫ్. అప్పుడు ఆయన నడిపినది టెంపెస్ట్, అంటే ముక్కు దగ్గర ప్రొపెల్లరు తిరిగే పిస్టన్ ఇంజను విమానం. వాయుసేన పేరు ముందు ఉన్న 'రాయల్' కూడా ఆ రోజుతో పోయింది. ఇక్కడా నేపథ్యంలో మూడు రంగుల పొగ వదులుతున్న సుఖోయ్-30 బొమ్మ వచ్చి కూర్చుంది. ఆ విమానం మనకు 1997లో వచ్చినది. విమానం అనగానే డిజైనరు దగ్గర తయారుగా ఉన్న బొమ్మ అదొక్కటే కాబోలు, అన్ని పలకల అడుగునా పలచగా అదే పరిచి ఉంచాడు. అన్నిటిలోనూ తీయించాం.

హోదాల పలక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా గుమిగూడింది దాని దగ్గరే. మన పత్రికలు చదివేవారిలో చాలామంది గ్రూప్ కెప్టెన్ అంటే సైన్యంలోని కెప్టెన్‌తో సమానమనుకుంటారు. నిజానికి గ్రూప్ కెప్టెన్ సైన్యంలో కల్నల్‌తో సమానం. సైన్యపు కెప్టెన్‌కు సమానమైనది ఇక్కడ ఫ్లైట్ లెఫ్టినెంట్. హోదాను చేతి మీద గానీ భుజం మీద గానీ ఉండే పట్టీలు చెబుతాయి. ఫ్లైయింగ్ ఆఫీసరుకు ఒక పట్టీ, ఫ్లైట్ లెఫ్టినెంటుకు రెండు, స్క్వాడ్రన్ లీడరుకు ఆ రెంటి నడుమ ఒక సన్నపాటి పట్టీ అదనం, వింగ్ కమాండరుకు మూడు, గ్రూప్ కెప్టెనుకు నాలుగు. ఆ పైన లెక్క మళ్లీ మొదలవుతుంది: ఎయిర్ కమడోరుకు ఒకే ఒక వెడల్పాటి పట్టీ, ఎయిర్ వైస్ మార్షల్‌కు దాని మీద ఒక మామూలు పట్టీ, ఎయిర్ మార్షల్‌కు రెండు, ఎయిర్ చీఫ్ మార్షల్‌కు మూడు. కారు మీద పెట్టే నక్షత్రాలు కూడా ఎయిర్ కమడోరుకు ఒకటితో మొదలై ఎయిర్ చీఫ్ మార్షల్‌కు నాలుగవుతాయి.

దుకాణం వారు మొదట చూపిన నమూనాలో లతీఫ్ పేరు కింద ఐదు నక్షత్రాలున్నాయి. నాలుగు వేస్తే మధ్యలో బోసిగా ఉందని ఐదోది చేర్చారట. అంతటితో ఆగక, ఐదు నక్షత్రాలకు తగిన హోదా ఏదని అంతర్జాలంలో వెతికి, 'మార్షల్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్' అని పెద్ద అక్షరాలలో వేశారు. భారత వాయుసేన చరిత్రలో ఆ హోదా పొందినది ఒక్కరే, 1965 యుద్ధంలో వాయుసేనను నడిపిన అర్జన్ సింగ్. ఆయనకైనా అది ఉద్యోగం మానేసి మూడు దశాబ్దాలు గడిచాక, 2002లో దక్కింది. ఫ్లెక్సీ లెక్కలో ఒక నక్షత్రం ఎక్కువైతే మర్యాద ఎక్కువైనట్టు. సైన్యంలో మాత్రం ఎవరి నక్షత్రం వారిదే. అదనంగా ఇస్తే అది అబద్ధమే అవుతుంది. అచ్చుకు వెళ్లే ముందు మాలో ఒకరు దీన్ని పట్టుకోకపోతే మాజీ సైనికుల ముందు తలవంపులయ్యేది.

ఇక లతీఫ్ ఫోటో. ఈ పని మొత్తంలో అసలు గొడవ దీని దగ్గరే జరిగింది. అధిపతి హోదాలో, పూర్తి యూనిఫాంలో ఉన్న ఫోటో అచ్చులోంచి తీసినది కావడం వల్ల గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉంది. దుకాణం వారు దాన్ని ఏదో కృత్రిమ మేధ యాప్‌లో వేసి శుభ్రం చేశారు. ముఖం ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది. కళ్ల కింద ముడతలు పోయాయి, మీసం మీద ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేలా మెరిసింది. అక్కడివారంతా భలే వచ్చిందన్నారు. ఛాతీ మీదికి చూపు పోతే మాత్రం గుండె గుభేలుమంది. పతకాల రిబ్బన్లు వరుసలుగా ఉండవలసిన చోట రంగులు కరిగి ఒకదానిలోకి ఒకటి కారినట్టున్నాయి. పైలట్ రెక్కల బ్యాడ్జి ఒక పక్షిలా మారింది. ఇది చాలదన్నట్టు, ముఖం పలక మీది రాతవైపు తిరిగి ఉంటే బాగుంటుందని ఫోటోను కుడి ఎడమలు తారుమారు చేశారు. దాంతో ఎడమ ఛాతీ మీద ఉండవలసిన రిబ్బన్లు కుడివైపుకు వచ్చాయి.

రిబ్బన్ల వరుస ఒక అధికారి ఉద్యోగ జీవితానికి పట్టిక వంటిది. తెలిసినవారు ముఖం కన్నా ముందు దాన్నే చదువుతారు. ఏ యుద్ధంలో ఉన్నాడు, ఎన్నాళ్లు పనిచేశాడు, దేనికి మెప్పు పొందాడు, అంతా అందులోనే ఉంటుంది. వాటికి వరుసక్రమం కూడా ఉంది. అన్నిటికన్నా గొప్పది ధరించినవారి గుండెల మధ్యకు దగ్గరగా, అంటే చూసేవారికి ఎడమ కొసన ఉండాలి. రిబ్బన్ల మధ్య తేడాలు కూడా పట్టిచూస్తే గానీ తెలియనంత సన్ననివి. బంగారు రంగు రిబ్బను నడుమ ఒకే ఒక ముదురు నీలి గీత ఉంటే అది పరమ విశిష్ట సేవా పతకం, లతీఫ్‌కు వచ్చినది. రెండు గీతలుంటే అతి విశిష్ట సేవా పతకం, మూడుంటే విశిష్ట సేవా పతకం. గీత పెరిగేకొద్దీ పతకం స్థాయి తగ్గుతుంది, కొత్తగా చూసేవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. బర్మా రంగంలో పనిచేసినవారికి ఇచ్చిన బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలం మీద నడుమ వెడల్పాటి ఎర్ర గీత, దానికి రెండు పక్కలా నారింజ గీతలతో ఉంటుంది. వాయుసేన పతకానిది కాషాయం, బూడిద రంగు ఏటవాలు చారల అల్లిక. ఇంత సూక్ష్మమైన తేడాల మీద నిలబడిన వరుసను యాప్ తన ఊహతో పూరిస్తే, ఎవరికీ ఎన్నడూ ఇవ్వని పతకాలు పుట్టుకొస్తాయి.

మా అభ్యంతరం దుకాణం యజమానికి ముందు అర్థం కాలేదు. "మొకం క్లియర్‌గా వచ్చింది కదండీ, గుండెల మీద గుడ్డపీలికలు ఎవరు చూస్తారండీ బాబూ" అన్నారు. చివరకు ఆయన మెట్టు దిగడానికి కారణం మా వాదన కాదు. ఫోటోకాపీ కోసం వచ్చి అక్కడే నిలబడి వింటున్న ఒక విశ్రాంత హవల్దారుగారు తెర మీదికి వంగి చూసి, ఈ పతకం ఎక్కడిదండీ అని అడిగారు. ఆ ప్రశ్నతో యజమాని ఇంకేమీ మాట్లాడకుండా పాత ఫోటోనే తీయించారు. గరుకు గరుకుగానే, సరైన వైపు తిరిగిన ముఖంతో, కాంట్రాస్టు మాత్రం కొద్దిగా సవరించి మళ్లీ వేసి ఇచ్చారు. రెండోసారి వేసినందుకు రూపాయి కూడా తీసుకోలేదు. మ్యాట్ లామినేషన్ కింద ఆ చుక్కలు పాత పత్రికలా హుందాగా ఉన్నాయి. యాప్ వేసిన మెరుపు కన్నా ఇదే బాగుందని చివరికి డిజైనరు కూడా ఒప్పుకున్నాడు.

అధిపతిగా లతీఫ్ పనిచేసిన 1978-81 కాలానికి రాత ఎక్కువ, బొమ్మలు తక్కువ. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు చూసే అసిస్టెంట్ చీఫ్‌గా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. అధిపతి అయ్యాక చేసిన ముఖ్యమైన పని, శత్రు భూభాగంలో లోపలిదాకా చొచ్చుకుపోయి దాడిచేసే విమానాల కొనుగోలు ఏళ్ల తరబడి నలుగుతుంటే దాన్ని తేల్చడం. ఫ్రెంచి మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగెన్‌లతో పోటీపడి, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి రూపొందించిన జాగ్వార్ ఎంపికైంది. మొదటి విమానాలు 1979 జులైలో అంబాలాకు చేరాయి, శంషేర్ అన్న పేరు పెట్టారు, తరవాత బెంగళూరులో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ కూడా వాటిని తయారుచేసింది. మిగ్-23, మిగ్-25 విమానాలు రావడానికి కూడా పునాది ఆ రోజులలోనే పడింది. ధ్వని వేగానికి రెండున్నర రెట్లు మించి, చాలా ఎత్తున ఎగిరే నిఘా విమానమైన మిగ్-25లో, పదవీ విరమణకు ముందు ఆయన స్వయంగా ఎగిరారు. అప్పటికి ఆయన వయసు 58.

ఈ పలకతో అక్షరాల తంటా వచ్చింది. మేము యూనికోడ్‌లో పంపిన రాతను వారు తమ దగ్గరున్న యూనికోడ్‌తో పొసగని పాత డీటీపీ (అచ్చుకూర్పు) ఫాంట్లలోకి మార్చారు. మార్పిడిలో కొన్ని ఒత్తులు జారిపోయాయి, జారినచోటల్లా ఆపరేటరు చేత్తో మళ్లీ కొట్టాడు. అలా కొట్టేటప్పుడు మిగ్-23, మిగ్-25 రెండూ మిగ్-21 అయిపోయాయి. "మిగ్ అంటే ఇరవై ఒకటే కదండీ, తప్పు పడిందనుకున్నాను" అన్నాడు. అతనిని తప్పుపట్టలేము, 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా మన వాయుసేనలో ఉన్న ఆ విమానం పేరు పత్రికలలో అంతగా నలిగింది. కానీ రాసి ఇచ్చిన అంకెను అడగకుండా మార్చే అలవాటు ముద్రణశాలకు ఉండకూడనిది. యూనికోడ్ ఫాంట్లతోనే నేరుగా పనిచేసే ఏర్పాటు ఉంటే ఈ బెడద సగం తగ్గుతుంది. ఈ రోజుల్లో అలాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

అదే ఆపరేటరు చివరి పలక దగ్గర మాత్రం మెచ్చుకోదగిన శ్రద్ధ చూపాడు. ఉద్యోగ విరమణ తరవాత లతీఫ్ 1982 నుంచి 1985 వరకు మహారాష్ట్ర గవర్నరుగా, ఆ తరవాత 1988 వరకు ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా ఉన్నారు. ఆయన భార్య, రచయిత్రి, సంఘసేవకురాలు, పద్మశ్రీ గ్రహీత అయిన బిల్కీస్ లతీఫ్ తండ్రి నవాబ్ అలీ యావర్ జంగ్. ఆయన కూడా అంతకు ముందు ఫ్రాన్స్‌లో రాయబారిగా, మహారాష్ట్రకు గవర్నరుగా పనిచేశారు. మామగారి పెట్టెలోనూ అల్లుడిగారి పెట్టెలోనూ అవే రెండు పదవులు కనిపించేసరికి, మ్యాటరు పొరపాటున రెండుసార్లు పడిందేమోనని ఆపరేటరు ఫోన్ చేసి అడిగాడు. ఇలా అడగడం అన్ని పలకలకూ జరిగి ఉంటే పైన రాసిన ఫిర్యాదులలో చాలా భాగం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. 1988లో హైదరాబాదు తిరిగివచ్చి, 2018 ఏప్రిల్ 30న 94 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూసిన వివరంతో ఆ పలక ముగుస్తుంది.

ప్యాకింగు బాగుంది. పలకలను రెండేసి ముఖాముఖిగా పెట్టి, మధ్య కాగితం పరిచి, మూలలకు అట్ట తొడుగులు వేసి కట్టారు. సన్‌బోర్డు తేలిక కాబట్టి గాలికి విల్లులా వంగుతుంది. యానాం దాటి, ఎదుర్లంక వైపు బాలయోగి వారధి మీదికి ట్రాలీ ఆటో ఎక్కగానే గౌతమి మీది గాలి ఎలా కొడుతుందో ఆ దారిన తిరిగేవారికి చెప్పనక్కరలేదు. ఒక్క పలక కూడా మడత పడకుండా చేరింది.

మన్నిక విషయంలో కొంత అసంతృప్తి ఉంది. అక్టోబరు వానలకు మా గ్రంథాలయం గోడలు చెమ్మగిల్లుతాయి. ప్రదర్శనను నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల దాకా ఉంచాం. ఈలోగా రంగులు ఏమాత్రం చెదరలేదు గానీ, కొన్ని పలకలకు కింది అంచున వినైల్ లేచింది, హోదాల పలకలో ఒకచోట గాలిబుడగ కట్టింది. అంచుల చుట్టూ అల్యూమినియం బీడింగు వేయించుకుంటే ఈ ఇబ్బంది ఉండదని దుకాణం వారు తరవాత చెప్పారు. సముద్రపు గాలి తగిలే ఊళ్ల వారికి ఈ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి. ధర ఫ్లెక్సీ కన్నా బాగా ఎక్కువే అయినా, చదరపు అడుగు లెక్కన ముందు చెప్పిన మొత్తానికే కట్టుబడ్డారు.

ఈ దుకాణానికి పని ఇచ్చేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు. ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి లేదా పెన్‌డ్రైవులో ఇవ్వాలి. ఏ ఫోటోనూ తిప్పకూడదనీ, రంగులు వేయకూడదనీ, ఏ యాప్‌లోనూ శుభ్రం చేయకూడదనీ ఆర్డరు కాగితం మీదే రాయించాలి. రాతను పీడీఎఫ్‌గా కూడా ఇచ్చి, దాంతో పోల్చి చూసుకోమనాలి. తెర మీద చూపిన నమూనాకు సరేననకుండా, చిన్న సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, వాయుసేనలో పనిచేసినవారి చేత ఒకసారి చదివించాలి. మన ప్రాంతంలో విశ్రాంత ఉద్యోగులు ప్రతి మండలంలోనూ ఉన్నారు, అడిగితే సంతోషంగా చూస్తారు. మా బృందం వచ్చే ప్రదర్శన 1942 నాటి కాకినాడ రేవు మీద చేయాలనుకుంటోంది. దానికి డిజైను మేమే చేసుకుని, ముద్రణ మాత్రం ఈ దుకాణానికే ఇవ్వాలని నిర్ణయించాం.